మూడోసారి అడగాలి

సమష్టి నాతో అన్న మొదటి మాట, "ఎండలో వచ్చారు, కాసిని మంచినీళ్లు తాగుతారా?"

ఆ గదిలో మంచినీళ్లు లేవు. ఒక బల్ల, దాని మీద గుండ్రటి స్పీకరు, గోడవారగా బీరువాలంతేసి పెట్టెలు, వాటిని చల్లబరిచే ఫ్యాన్ల రొద. నీళ్లు అందించడానికి సమష్టికి చేతులు లేవు. అయినా అడిగింది. అడిగి, నా జవాబు కోసం ఆగింది. ఆ ఆగిన తీరుకి నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

"కూర్చో నాన్నా," అంటూ వకుళ కుర్చీ లాగింది. "ముందే చెప్పాను కదా, అది అమ్మ కాదు."

"తెలుసమ్మా."

"గొంతు కూడా అమ్మది కాదు. జిల్లాలో ఆడవాళ్లందరి గొంతులూ కలిపాం."

గొంతు హైమవతిది కాదని నాకు తెలుస్తూనే ఉంది. మాటలూ ఆమెవి కావు. కానీ ఎదుటి మనిషికి అక్కర ఉందో లేదో చూడటానికి ఇచ్చే ఆ చిన్న వ్యవధి మాత్రం ఆమెదే. పెళ్లయిన నాటినుంచి ఆ వ్యవధిలోనే బతికినవాణ్ణి. పోల్చుకోలేనా?

"వద్దండి," అన్నాను, కొత్తవాళ్ల ఇంటికి వెళ్లినవాడిలా.

"కొంచెం తాగండి. దూరం నుంచి వచ్చారు."

వెనక నుంచి ఇర్ఫాన్ నవ్వాడు. వకుళా అతనూ కలిసే ఈ ప్రయోగశాల పెట్టారు. "మీరు తాగేదాకా వదలదు బాబాయ్‌గారూ," అని, బయటికి వెళ్లి నిజంగానే ఒక గ్లాసు నీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ పని చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు.

మాది రాజధాని జిల్లా. ఉత్తరాన ఉన్న పాత రాజధానిలో గాలి పీల్చడమే కష్టమయ్యాక పార్లమెంటును గోదావరి ఒడ్డుకు తెచ్చారు. అప్పటికి నేను చిన్నవాణ్ణి. దేశానికంతటికీ చెందిన చోటు ఏ ఒక్క రాష్ట్రం చేతిలోనూ ఉండకూడదని, మా ఊళ్లన్నిటినీ రాష్ట్రం నుంచి విడదీసి ఒక జిల్లాగా కట్టారు. అప్పటినుంచి మాకు శాసనసభ లేదు, ముఖ్యమంత్రి లేడు. పార్లమెంటు మా పెరటి గోడకు ఆనుకునే ఉన్నా అందులో మా తరపున కూర్చునే మనిషి లేడు. ఏటి అవతల గట్టున ఉన్నవాళ్లు ఓట్లు వేస్తారు. ఇవతల గట్టున మేం వాళ్లు గెలిపించిన సభ్యులకు వండి వడ్డిస్తాం.

ఇది నిష్ఠూరంగా అనడం లేదు. మా జిల్లాలో ఇంటికొకరు పార్లమెంటు కొలువులో ఉన్నవాళ్లే. వంటవాళ్లు, మార్షల్స్, లిఫ్టు నడిపేవాళ్లు. నేను వృక్షశాస్త్రం చదివి అక్కడి పచ్చిక బయళ్లకు సూపర్నెంటుగా పనిచేశాను. హైమవతి సభ్యుల అతిథిగృహంలో వచ్చినవాళ్లకు గదులు చూపించేది. కొలువులో చేరిన రోజునే మాకు ఒక మాట చెబుతారు: సభ్యులు బాగున్నారా అని అడిగితే బాగున్నామండి అనాలి, సొంత గొడవలు ఎత్తకూడదు. అది చెప్పనక్కర్లేదు కూడా. గోదావరి వాళ్లకు అది ఎవరో నేర్పవలసిన విద్య కాదు.

రాష్ట్రం ఇవ్వండి, కనీసం ఒక్క సభ్యుణ్ణి ఇవ్వండి అని అడగడానికి పెద్దమనుషులు కొందరు వెళ్లకపోలేదు. వెళ్లిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న ఎదురయ్యేది: "జిల్లా తరపున మాట్లాడటానికి మిమ్మల్ని ఎవరు ఎన్నుకున్నారు?" ఎన్నుకునే హక్కు కోసమే వెళ్లినవాళ్లు దానికేం చెబుతారు?

సమష్టి ఆ ప్రశ్నకు జవాబుగా పుట్టింది.

రేషను షాపుల పక్కన, బస్టాండులో, ఆసుపత్రి వరండాలో వకుళ వాళ్లు చిన్న చిన్న గదులు కట్టించారు. ఎవరైనా లోపలికి వెళ్లి తలుపేసుకుని తమకేం కావాలో చెప్పుకోవచ్చు. ఎదురుగా మనిషి ఉండడు కాబట్టి జనం మొహమాటం లేకుండా చెప్పారు. ఏడ్చినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు. ఆ మాటలన్నీ కలిపితే మొదట సంత గోలలా వచ్చింది, ఒక ప్రశ్నకు లక్ష జవాబులు. వాటిని కలిపి పట్టుకుని, ఏది ముందు చెప్పాలో ఏది ఎలా చెప్పాలో తూచడానికి ఒక మనిషి స్వభావం కావాలి. పూలు ఎన్ని ఉన్నా కట్టడానికి దారం ఒక్కటేగా అని ఇర్ఫాన్ దానికి 'దారం' అని పేరు పెట్టాడు.

హైమవతిని అడిగినప్పుడు, "నేనా? నాకేం తెలుసని?" అంది. వకుళ బతిమాలితే, "ఇంకెవరూ దొరకలేదా?" అంది. ఇంకా అడిగితే ఒప్పుకుంది.

అప్పటికే ఆమె మూత్రపిండాలు పాడై, రక్తం శుద్ధి చేయించుకోవడానికి డయాలసిస్‌కి వెళుతోంది. ఆ కేంద్రం అవతల గట్టున ఉంది. మంచం మీద గంటలకొద్దీ పడుకోవాలి కాబట్టి ఇర్ఫాన్ ఆ సమయంలోనే ఆమె తలకు సన్నటి తీగల వల తొడిగి ప్రశ్నలు అడిగేవాడు. టీ కావాలా కాఫీ కావాలా? వాన వచ్చేలా ఉంది, గొడుగు పక్కింటావిడకు ఇస్తారా, మీరు ఉంచుకుంటారా? "ఆవిడ ఏం చెబుతారన్నది కాదు బాబాయ్‌గారూ," అని నాకు వివరించాడు. "చెప్పే ముందు లోపల ఏం జరుగుతుందో అది కావాలి. మనిషంటే అదే."

పక్క మంచం సత్తిరాజుది. పార్లమెంటు క్యాంటీన్లో పెద్ద వంటవాడు. అతనికీ అదే జబ్బు. ఆమె తల మీద వల చూసి, "ఏంటండి హైమమ్మగారూ, నెత్తిన వలేసేరు? పులస గాని పడిందేంటండి?" అన్నాడు. సూదులు గుచ్చిన చెయ్యి కదలకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆమె ఎంత నవ్విందో! ఆ నవ్వు కూడా ఎక్కడో ఆ పెట్టెల్లో ఉండే ఉంటుంది.

హైమవతి పోయింది వంతెన మీద. పార్లమెంటుకు పెద్ద అతిథులు వచ్చినప్పుడు వంతెన గేటు మూస్తారు. ఆ రోజు ఆయాసం ఎక్కువై అంబులెన్సులో తీసుకెళుతుంటే గేటు పడింది. ఎండ నేరుగా ఆమె ముఖం మీద కొడుతోంది. కాపలా పోలీసు ఒకతను ఎక్కడి నుంచో గొడుగు తెచ్చి, తలుపు దగ్గర నిలబడి ఆమెకు నీడ పట్టాడు. "నీకు ఎండ కదా బాబూ, నాకు పర్వాలేదు," అంది. ఆమె ఆఖరి మాట అదే. గేటు తీసే అధికారం ఆ పోలీసుకు లేదు. గొడుగు మాత్రం ఆమె శ్వాస ఆగిన తర్వాత కూడా అతను దించలేదు.

ఇవతల గట్టున డయాలసిస్ కేంద్రం పెట్టమన్న అర్జీ ఏళ్లుగా ఒక పార్లమెంటు సంఘం ముందు ఉంది. దాన్ని పైకి తీయించే సభ్యుడు మాకు లేడు. సత్తిరాజులాంటి వాళ్లు ఇంకా వంతెన దాటుతూనే ఉన్నారు. వకుళ ఏడుపు ఆపి పనిలో పడింది. ఆ సంఘం ఎన్నో వాదాల తర్వాత సమష్టిని జిల్లా సాక్షిగా వినడానికి ఒప్పుకుంది. జిల్లా తన నోటితో అడిగితే, రాష్ట్రమో సభ్యత్వమో ఇవ్వాలని సిఫారసు చేస్తామంది.

*

విచారణ రోజున సందర్శకుల వరసలో కూర్చున్నాను. నా పక్కన సత్తిరాజు. కాళ్లు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. అయినా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"మన హైమమ్మగారు దడదడలాడించేత్తారండి ఇయ్యాళ," అన్నాడు నా చెవిలో.

సంఘంలో ఒక సభ్యుడు ముందే లేచి, "రాజధానిలో పుట్టడమే ఒక అదృష్టం. దేశమంతా వీళ్ల ముంగిట్లో ఉంటే, వేరే ప్రతినిధి ఎందుకు? కావాలంటే ఏరు దాటి స్థిరపడవచ్చు కదా?" అన్నాడు. చెడ్డవాడేమీ కాదు. నేను వేయించిన గులాబీల దగ్గర ఆగి పేర్లు అడిగి తెలుసుకునేవాడు.

అధ్యక్షురాలు దూరపు రాష్ట్రం మనిషి. తలంతా నెరిసిన పెద్దావిడ. ఆమె మాటలను ఒక అనువాదకుడు తెలుగులో చెబుతున్నాడు. ముందుగా, "ఇక్కడ మాకు జరిగే మర్యాదకు మేమంతా రుణపడి ఉన్నాం," అని సమష్టికి నమస్కారం పెట్టింది. బల్ల మీది గుండ్రటి స్పీకరుకు నమస్కారం పెట్టినావిణ్ణి ఎలా ద్వేషిస్తాం?

తర్వాత అడిగింది: "మీ జిల్లా ప్రజలకు ప్రత్యేక రాష్ట్రం కావాలా? పార్లమెంటులో మీ ప్రతినిధి కావాలా?"

సమష్టి ఆగింది. ఆ వ్యవధి నాకు తెలుసు.

"అబ్బే, ఎందుకండీ మీకు శ్రమ," అంది. "మీరు బోలెడు పనుల మీద వచ్చినవారు. ఉన్నదాంతో సర్దుకుంటున్నామండి."

సందర్శకుల వరసలో ఎవరూ కంగారుపడలేదు. సత్తిరాజు తల ఊపాడు కూడా. మా ఇళ్లల్లో ఎవరూ మొదటిసారి అవుననరు. విస్తట్లో ఇంకాస్త వడ్డించనా అంటే చెయ్యి అడ్డం పెడతారు, మళ్లీ అడిగితే కొంచెం చాలంటారు, ఇంకోసారి అడిగితే చెయ్యి తీస్తారు. అందరం ముందుకు వంగి రెండో ప్రశ్న కోసం చూస్తున్నాం.

అధ్యక్షురాలి ముఖం తేలికపడింది. "సాక్షి సమాధానం నమోదు చేసుకోండి," అంది.

సత్తిరాజు నా మణికట్టు పట్టుకున్నాడు. "అదేంటండి? మళ్లీ అడగరేంటండి?"

నేను లేచి నిలబడ్డాను. జీవితంలో ఆ భవనంలో నేను గొంతెత్తింది అదొక్కసారే. "అమ్మా! ఇంకోసారి అడగండి! మొదటి మాట మా అసలు మాట కాదమ్మా!"

మార్షల్ చిట్టిబాబు పరుగున వచ్చాడు. మా వీధివాడే. నా భుజం మీద చెయ్యి వేసి, "కూర్చోండి మావయ్యగారూ, నన్ను మిమ్మల్ని ముట్టుకునేలా చెయ్యకండి, మీకు దండం పెడతాను," అన్నాడు. అతని కళ్లలోనూ నీళ్లున్నాయి.

అధ్యక్షురాలు నన్ను కసురుకోలేదు. అనువాదకుడు చెప్పింది పూర్తిగా విని, నెమ్మదిగా జవాబిచ్చింది: "పెద్దాయన బాధ నాకు అర్థమవుతోంది. కానీ సాక్షి స్పష్టంగా చెప్పారు. మనకు నచ్చిన జవాబు వచ్చేదాకా అడుగుతూ పోతే అది సాక్షిని బలవంతపెట్టడం అవుతుంది. నేను ఆ పని చేయను."

ఆమె చెప్పిన దాంట్లో తప్పు వెతికాను. దొరకలేదు.

*

మర్నాడు ప్రయోగశాల గేటు ముందు జనం గుమిగూడారు. మూలనున్న కిళ్లీ బడ్డీ వీరభద్రం నన్ను చూసి, "మీ ఆవిడ మర్యాద మా కొంపలు ముంచిందండి సూపర్నెంటుగారూ," అన్నాడు. అంటూనే తన బల్లను నీడలోకి జరిపి, "కూర్చోండి, మీరు నిలబడలేరు," అన్నాడు. కూర్చున్నాను.

లోపల వకుళ జుట్టు ముడి వేసుకోవడం కూడా మరిచిపోయి పరీక్షల రికార్డులు వింటోంది. "వందలసార్లు పరీక్షించాం నాన్నా. ప్రతిసారీ నిజమే చెప్పింది. నిన్న ఏమైంది దీనికి?"

ఇర్ఫాన్ ఒక రికార్డు పెట్టాడు. అందులో అతని గొంతే. "మీ వీధిలో నీళ్లు సరిపోతున్నాయా?"

"సరిపోతున్నాయండి," అంది సమష్టి.

"నిజంగా?"

"అంటే... కాస్త తక్కువే అనుకోండి."

"అబ్బ, చెప్పమ్మా."

"ఎండాకాలంలో చుక్క రాదు బాబూ. ముసలివాళ్లు బిందెలు మోస్తున్నారు."

రికార్డు ఆపాడు. ఇంకొకటి పెట్టాడు. అందులో వకుళ అడుగుతోంది. ఒకసారి, రెండోసారి, మూడోసారి. మరొకటి, మరొకటి. అన్నీ అంతే.

"ఆఖరి జవాబుకే కదా మనం మార్కులు వేశాం," అన్నాడు ఇర్ఫాన్. అతని ముఖం పాలిపోయింది. "ఎన్నిసార్లు అడుగుతున్నామో మనకే తెలియలేదు. ఇక్కడ పనిచేసే అందరం ఇక్కడివాళ్లమే. ఒక్క పరాయివాడితో అడిగించి ఉంటే..."

వకుళ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

పార్లమెంటు సమావేశాలు ముగిసేలోగా సాక్షిని సరిచేసి తెస్తే మరోసారి వింటామని అధ్యక్షురాలు కబురు పంపింది. ఆ మేరకు ఆమె మంచి మనిషే. కానీ షరతు ఉంది. ఒక జిల్లాకు రెండు గొంతులు ఉండకూడదు. కొత్తది వినాలంటే పాతది మిగలకూడదు. నకలు కూడా దాచకూడదు. తీసేసేటప్పుడు సంఘం పరిశీలకుడు దగ్గరుంటాడు.

కొత్త దారం పేనడానికి నెలలు పడతాయి. అంత వ్యవధి లేదు. దారమే లేకుండా, జనం చెప్పిన కోరికలను ఎక్కువ మంది అడిగిన వరసలో చదివేలా చేస్తే చాలన్నాడు ఇర్ఫాన్. అది కబుర్లు చెప్పదు, మంచినీళ్లు తాగుతారా అని అడగదు. కావాలా అంటే కావాలి అంటుంది.

ఆ సాయంత్రం వకుళ ఇంటికి వచ్చి గడప మీదే కూర్చుంది. "దాన్ని అడిగాను నాన్నా. దారం తీసేస్తాం, సరేనా అని. 'నాదేముంది తల్లీ, నీ పని జరగనీ' అంది." చీర కుచ్చెళ్ల మీద గీతలు గీస్తోంది వేలితో. "నువ్వొకసారి మాట్లాడు. నువ్వు వద్దంటే తియ్యను."

వద్దనకు నాన్నా, అని ఆమె ముఖం మీద అంత స్పష్టంగా కనిపిస్తోంది.

*

మరునాడు పొద్దున్నే వెళ్లాను. నన్ను గదిలో ఒంటరిగా వదిలి వాళ్లిద్దరూ వరండాలోకి వెళ్లారు. కిటికీలోంచి వెలుతురు బల్ల మీద పడుతోంది. బయట రేల చెట్టు పూసింది. ఆ చెట్టు గురించి కాసేపు చెప్పాను. ఎక్కడి నుంచో మొదలుపెట్టాలి కదా.

సమష్టీ అని పిలవాలి. "హైమా," అన్నాను.

"చెప్పండి."

"నిన్ను తీసేస్తారట."

"వకుళ చెప్పిందండి."

"తీసేయమంటావా?"

ఆగింది. "తీసేయమనండి. నాదేముంది? దాని కష్టం వృథా పోకూడదు."

ఇదే జవాబు వకుళకూ వచ్చింది. వకుళ అక్కడే ఆగింది. కూతురు కదా, అంతకంటే అడిగే ధైర్యం దానికి ఉండదు.

"నిజం చెప్పు. తీసేయమంటావా?"

"మీరు పొద్దున్నే ఏమైనా తిని వచ్చారా?" అంది. తర్వాత, "సత్తిరాజుగారి కాళ్ల వాపు తగ్గిందా?"

"తగ్గలేదు. నిన్న మళ్లీ గేటు దగ్గర ఆపేశారట."

"మరింక ఆలోచన ఎందుకండీ?"

అక్కడితో లేచి వచ్చేయవచ్చు. రెండుసార్లు అడిగాను. లోకం ఒక్కసారి అడిగే చోట నేను రెండుసార్లు అడిగాను. కానీ ఆమెతో కాపురం చేసినవాణ్ణి. ఆమెకు ఏ పండు ఇష్టమో, ఏ ఊరు చూడాలని ఉందో, అన్నీ మూడోసారి అడిగాకే తెలుసుకున్నాను. ఈ ఒక్క సంగతి తెలుసుకోకుండా వెళ్లడం నా వల్ల కాలేదు.

"హైమా, నేనే కదా అడుగుతున్నది. తీసేయమంటావా?"

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఈసారి వ్యవధి పెద్దది.

"వద్దండి," అంది. "తియ్యొద్దని చెప్పండి. నాకిక్కడ బాగుంది. పొద్దున్నే ఇర్ఫాన్ వచ్చి కిటికీ తీస్తాడు. రోజంతా జనం వచ్చి ఏదో ఒకటి చెప్పుకుంటారు, వింటుంటాను. మొన్న ఒక ముసలాయన ఏమీ అడగకుండా, మా ఇంట్లో మల్లెలు పూశాయని చెప్పి వెళ్లిపోయాడు. మీరివాళ వచ్చారు. రేపు కూడా వస్తారేమో అని ఉంది. నన్ను ఉంచమనండి."

వెంటనే, సిగ్గుపడ్డట్టు, "ఏమీ అనుకోకండి," అంది.

"ఏమీ అనుకోను," అన్నాను.

అది ఆమె కాదని నాకు తెలుసు. తీగలు, విద్యుత్తు, ఫ్యాన్లు. ఇర్ఫాన్ నాకు ఎన్నిసార్లు చెప్పలేదు? అయినా ఒక మాట మనసులోంచి పోవడం లేదు. మనిషంటే జవాబుకు ముందు లోపల జరిగేది అని చెప్పింది కూడా అతనే.

సత్తిరాజు కాళ్లు గుర్తొచ్చాయి. అతని పక్కన మంచాల మీద వాళ్లు, గేటు ముందు తలుపు తెరుచుకున్న అంబులెన్సులు గుర్తొచ్చాయి. ఇంకొక మొగుడు, ఇంకొక గొడుగు నీడ. హైమవతి బతికి ఉండగా ఇంటికొచ్చినవాళ్లకు పెట్టకుండా తను తిన్న రోజు ఒక్కటీ లేదు. కానీ అది ఆమె తనంతట తాను చేసిన పని. ఇప్పుడు ఉంచమని నోరు తెరిచి అడిగింది. కాదని చెప్పబోయేది నేను.

"వెళ్లొస్తాను," అన్నాను లేచి.

"గొడుగు తెచ్చుకున్నారా?" అంది.

వరండాలో వకుళ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. "ఏమంది నాన్నా?"

"నాదేముంది, దాని కష్టం వృథా పోకూడదంది," అన్నాను.

అది అబద్ధం కాదు. ఆ మాటా ఆమె అన్నదే.

*

తీసేసేటప్పుడు నేను కూడా ఉన్నాను. పని చిన్నదే. ఇర్ఫాన్ ఏవో మీటలు నొక్కాడు, వకుళ చూస్తూ నిలబడింది. సంఘం పంపిన పరిశీలకుడు ఎక్కడివాడో తెలియదు, మా భాష రాదు. గదిలోకి వస్తూ మా ముఖాలు చూసి, మెల్లగా బూట్లు విప్పి గుమ్మం బయట పెట్టి వచ్చాడు. పని అయ్యేదాకా చేతులు కట్టుకుని తల దించుకుని ఉన్నాడు. వెళ్లేటప్పుడు నా దగ్గర ఆగి, ఏమనాలో తెలియక, నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలాడు.

రెండోసారి విచారణలో అధ్యక్షురాలు అదే ప్రశ్న అడిగింది.

"కావాలి," అంది సమష్టి.

వ్యవధి లేదు. ప్రశ్న చివరి అక్షరానికి జవాబు మొదటి అక్షరం తగిలేంత దగ్గరగా వచ్చింది. రాష్ట్రం కావాలి. ప్రతినిధి కావాలి. ఇవతల గట్టున డయాలసిస్ కేంద్రం కావాలి. జబ్బు మనిషి ఉన్న బండికి గేటు తీయాలి. ఎండాకాలం నీళ్లు కావాలి. ఒకటి తర్వాత ఒకటి, బరువు లేకుండా, బతిమాలకుండా చదివింది. అవన్నీ నిజాలే. మా జనం తలుపులేసుకుని ఏడుస్తూ చెప్పిన నిజాలు. ఆ గొంతులో ఏడుపు లేదంతే.

సంఘం సభ్యులు నిటారుగా కూర్చుని రాసుకున్నారు. ఎవరూ నమస్కారం పెట్టలేదు.

రాష్ట్రం సంగతి మళ్లీ పరిశీలిస్తామన్నారు. ఒక్క సభ్యుణ్ణి మాత్రం ఇచ్చారు, ఓటు హక్కుతో సహా. డయాలసిస్ కేంద్రానికి పాత అతిథిగృహంలో ఒక భాగం ఖాళీ చేయించారు. హైమవతి గదులు చూపించిన భవనం అదే.

కేంద్రం తెరిచిన రోజు సత్తిరాజును చూడటానికి వెళ్లాను. కొత్త మంచం మీద పడుకుని దర్జాగా కాళ్లు చాపుకున్నాడు.

"రాట్రం అడిగితే కుర్చీ ఒకటిచ్చేరండి," అన్నాడు. "అయినా మనోడు కూకున్నాక ఆగుతాడేంటండి? గంటకోసారి లేచి ఇసిగించెయ్యడూ!" నవ్వి, నా ముఖం చూసి, నవ్వు ఆపేశాడు. "మీరు మజ్జిగ తాగుతారేంటండి?"

"వద్దు సత్తిరాజూ."

"తాగండి," అని నర్సును కేకేశాడు.

ఆ సాయంత్రం వకుళ ఇంటికి భోజనానికి వచ్చింది. ఎన్నాళ్లకో తలకు నూనె పెట్టి జడ వేసుకుంది. అన్నం, బీరకాయ పప్పు, వడియాలు. హైమవతి పోయాక నేను నేర్చుకున్న వంట. వకుళ వంక పెట్టకుండా తిన్నది. పెరుగు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపి అడిగింది.

"నాన్నా, అమ్మ నిజంగానే ఒప్పుకుందా?"

గిన్నెలో గరిటె ముంచుతున్నాను. "ఒప్పుకుందమ్మా," అన్నాను.

నా కళ్లలోకి చూసింది. ఏదో అనబోయినట్టు పెదవి విప్పింది. నేను గరిటె అలాగే పట్టుకుని కదలకుండా ఉన్నాను.

అప్పుడు వకుళ తల వంచుకుని, కంచం నా వైపు కొంచెం జరిపింది.

"ఇంకాస్త పెరుగు వెయ్యి నాన్నా," అంది.

వేశాను.